నురగ నిలిచిన సీసా

కోడలు తెల్లకోటు మడతపెట్టి పెట్టె అడుగున పెట్టింది. దాని మీద దుప్పటి వేసింది. దుప్పటి మీద ఇంకో దుప్పటి వేసి, ఇక కోటు కనపడదని రూఢి చేసుకున్నాక చేతులు దులుపుకుంది.

గుమ్మంలో నిలబడ్డ అత్త లోపలికొచ్చింది.

"అదేంటమ్మాయ్, ఇవాళ పనికి పోవా?"

"పోతాను అత్తయ్యా. కోటుతో పనేముంది? మిగిలింది రాయడమే. కూర్చుని రాస్తాను."

"మరి ఈ పెట్టె?"

జవాబు వంటగదిలోంచి వచ్చింది.

"రాత్రి మాటిచ్చిందమ్మా!" అన్నాడు కొడుకు, టీ గ్లాసు పట్టుకుని వస్తూ. "శుక్రవారం తన పని చూడటానికి వచ్చేవాళ్లు పెదవి విరిస్తే ఆ ఎలుకకో దణ్ణం పెట్టేసి నాతో కొత్త ఊరు వస్తానంది. నేనేం బలవంతపెట్టలేదు. కావాలంటే అడుగు."

"నిన్నెవరు అడిగార్రా?"

"ఎవరూ అడగరు. అందుకే నేనే చెప్పుకుంటాను."

లిఫ్టులు బాగుచేయడం అతని పని. ఊళ్లో ఎన్ని అంతస్తుల మేడ అయినా ఎక్కించి దించుతాడు కానీ, ఇంట్లో ఈ ఇద్దరు ఆడవాళ్ల మధ్యకొచ్చేసరికి రెండు అంతస్తుల నడుమ ఆగిపోయిన లిఫ్టులా అయిపోతాడు. కొత్త ఊళ్లో నలభై అంతస్తుల భవనం లేస్తోంది. దాని లిఫ్టులన్నీ నీ చేతికే ఇస్తాం, ఆదివారానికల్లా రమ్మన్నారు. అతను వారం రోజులుగా ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

"పెట్టె సర్దడానికి శుక్రవారం దాకా ఆగొచ్చుగా," అంది అత్త.

"ఆగితే ఏం మారుతుంది అత్తయ్యా?" కోడలి గొంతులో ఏడుపు లేదు. అదే అత్తను భయపెట్టింది. "ఆ ఎలుక ప్రోటీను రెండుసార్లు తయారుచేశాను, రెండుసార్లూ చచ్చిందే వచ్చింది. ఆరు నెలల క్రితం ఇవే చేతులతో చేస్తే బంగారంలా పనిచేసింది, అదీ అయిపోయింది. ఇప్పుడు నా చేతికే ఏదో అయింది."

"నీ చేతికేం కాలేదు."

"అయితే ఇంకెవరి చేతికి అయింది?"

కొడుకు టీ చల్లారింది.

*

అత్తా కోడళ్లిద్దరిదీ ఒకే చోట పని. కోడలు పై అంతస్తులో పరిశోధన చేస్తుంది. అత్త కింద కడుగుడు గదిలో ఆ పరిశోధనల గాజు సామానంతా కడుగుతుంది. ఇరవై రెండేళ్లుగా కడుగుతోంది కాబట్టి అక్కడ అందరూ ఆమెను గాజమ్మ అంటారు. అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఇంకెక్కడా లేదు.

కోడలిని ఆమే ఏరుకుంది. తొట్టి ముందు నిలబడే ఏరుకుంది. మిగతా పిల్లలంతా ఎంగిలి కంచాలు వదిలేసినట్టు సీసాలు వదిలేసి పోయేవాళ్లు. ఈ పిల్ల ఒక్కతే అడుగున మిగిలినదాన్ని కడిగేసి, మూతీ సీసా విడదీసి, జత తప్పకుండా పక్కపక్కన బోర్లించి వెళ్లేది. 'సీసాకే ఇంత మర్యాద చేసే పిల్ల మనిషికి ఎంత చేస్తుందో' అనుకుంది గాజమ్మ. ఏడాది తిరక్కుండా కొడుక్కి చూపించింది.

పెళ్లయిన కొత్తలో ఒకరోజు అడిగింది. "అది ఏం చేస్తుందమ్మాయ్, నీ ఎలుక ప్రోటీను?"

"ఇంట్లో డబ్బాలు అడుగంటుతున్నాయని ముందెవరికి తెలుస్తుంది అత్తయ్యా?"

"వండేవాళ్లకి. ఇంకెవరికి తెలుస్తుంది? తినేవాళ్లకి కంచం ఖాళీ అయితే తప్ప తెలీదు."

"మన ఒంట్లో ప్రతి కణమూ ఒక ఇల్లే. శక్తి అడుగంటుతోందని ముందు దీనికే తెలుస్తుంది. తెలియగానే దుబారా పనులన్నీ ఆపిస్తుంది. అటక మీద దాచినవి దింపించి వాడిస్తుంది."

"ఓసి దీని తెలివీ! అయితే అది ఇల్లాలే!"

ఆ రోజు నుంచి గాజమ్మ నోట దాని పేరు ఇల్లాలే. కొడుకు నోట మాత్రం ఎలుకే.

"మరి ఎలుకది ఎందుకు?"

"మనలో ఉన్నదీ దానిలో ఉన్నదీ దాదాపు ఒకటే. అయినా ఎలుకను పట్టుకోనక్కర్లేదు. ఆ ప్రోటీను ఎలా తయారవాలో చెప్పే రాత ఒక్కటి చాలు. దాన్ని బ్యాక్టీరియాలో పెడితే అది తన వంటతో పాటు ఇదీ వండిపెడుతుంది. మనం దాన్ని వేరుచేసి, శుభ్రంచేసి, గడ్డకట్టించి దాచుకుంటాం."

"పక్కింటి పొయ్యి మీద మన వంట వండించుకున్నట్టు."

"అచ్చం అంతే!" కోడలు చప్పట్లు కొట్టింది. "తిన్నది ఒంటబట్టనివాళ్లున్నారు, ఒంటబట్టింది కరగనివాళ్లున్నారు. వాళ్ల కణాల్లో ఈ ఇల్లాలికి ఏమైందో తెలియాలంటే, ముందు మంచి ఇల్లాలు ఒకటి చేతిలో ఉండాలి అత్తయ్యా. పక్కన పెట్టి పోల్చుకోవడానికి."

ఆ మంచి ఇల్లాలి కోసం మూడేళ్లు పట్టింది. గాజమ్మ కళ్లారా చూసింది ఆ మూడేళ్లూ. వేలి కొసలు మొద్దుబారేలా చలిగదిలో గంటలు గంటలు నిలబడటం చూసింది. బొట్టు బొట్టుగా కారేదాన్ని కన్ను తిప్పకుండా కనిపెట్టుకుని ఉండటం చూసింది. అన్నిటికంటే ఎక్కువగా ఆ పిల్ల నోటుపుస్తకాన్ని చూసి ఆశ్చర్యపోయేది. ఒకసారి వారం రోజుల పనిని కోడలు తొట్టిలో పారబోస్తుంటే ఎందుకని అడిగింది.

"ఉప్పునీళ్లు రెండుసార్లు పోశాను. పుస్తకంలో రాశాను కూడా."

"ఎవరైనా చూశారా?"

"లేదు."

"మరి ఎందుకు రాయడం?"

"రేపు ఎవరో నా పుస్తకం చూసి ఇదే పని చేస్తారు అత్తయ్యా. వాళ్లని నేనెందుకు గోతిలో దింపాలి?"

ఆ మాట విన్న రోజు గాజమ్మ ఇంటికొచ్చి కొడుకుతో అంది, "నీకు పెళ్లాం దొరకలేదురా. నాకు కోడలు దొరికింది, నీకు పెళ్లాంగా వాడుకోమని ఇచ్చాను."

ఇప్పుడా పని మొత్తం రెండు రోజుల్లో మూతపడబోతోంది. మూడు పరిశోధనశాలలవాళ్లు శుక్రవారం వస్తున్నారు. పనిచేసే ప్రోటీన్ చేతిలో పెడితే కోడలి పని నిలుస్తుంది. లేకపోతే ఆమె బల్ల ఇంకొకరిది అవుతుంది.

*

కడుగుడు గదిలో గాజమ్మ మొదటి బుట్ట దించేసరికే సామాను గది బాబాయి తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. ఇంకా జరగని సంగతి కూడా ముందే తెలిసిపోయే మనిషి.

"ఏమక్కా, మీ కోడలు బల్ల ఖాళీ చేస్తుందట? ఆ పెద్ద ఫ్రీజరు కోసం అప్పుడే ఇద్దరు అర్జీలు పెట్టారు."

"ఇంకా ఊపిరుండగానే కొలతలు తీసుకుంటున్నారా?"

"నేనా? నాకేం? వచ్చిన కాగితం అందుకోవడమే నా పని."

"అందుకున్నావుగా, ఇక వెళ్లు. తడి కాళ్లతో నా గదిలో నిలబడకు."

అతను పోయాడు. మెట్ల మీద మాటలు వినపడ్డాయి. పెద్ద మేడం, వెనకాలే కోడలు.

"జెల్ మీద మూడు గీతలూ వచ్చాయా?" అంటోంది పెద్ద మేడం.

"వచ్చాయి మేడం. ఈ ప్రోటీన్‌లో ఉండాల్సిన మూడు ముక్కలూ ఉన్నాయి. శుభ్రంగా ఉన్నాయి. కానీ పని చేయట్లేదు."

"కారణం?"

"దొరకలేదు."

"కారణం లేకుండా ఏదీ చావదమ్మా. వచ్చేవాళ్లకి నేను ఒక మాట చెప్పాలి. కారణం దొరక్కపోతే, తయారీలోనే నిలకడ లేదని చెప్పాల్సి వస్తుంది. ఆ మాట పడ్డాక మూడేళ్ల పని మీద మట్టి పోసినట్టే. నీకు తెలుసుగా?"

"తెలుసు మేడం."

పెద్ద మేడం అడుగులు వెళ్లిపోయాయి. కోడలు కడుగుడు గదిలోకి వచ్చి పీట లాక్కుని కూర్చుంది. పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. పుట్టింటికొచ్చిన ఆడపిల్లలా కాళ్లు ముడుచుకుంది.

"అన్నీ చూశాను అత్తయ్యా. ఉప్పులు మార్చి చూశాను. చలిగదిలో చలి తగ్గిందేమో చూశాను. వడకట్టే గొట్టం కొత్తది పెట్టాను. మూడు ముక్కలూ ఉన్నాయి. ముగ్గురూ ఇంట్లోనే ఉన్నారు, కానీ ఎవరి గదిలో వాళ్లున్నట్టుంది. కలిసి ఉంటేనే కదా అది ఇల్లాలు?"

"కలిసినవాళ్లని ఏది విడదీస్తుందమ్మాయ్?"

కోడలు వేళ్లు మడిచింది. "వేడి. మరీ పులుపు. సబ్బు. వేడి తగల్లేదు. పులుపు నేనే కొలిచాను. ఇక సబ్బు అంటారా..." మూడు రోజుల్లో మొదటిసారి నవ్వింది. "నీలం పట్టీ సీసాలు మీ చేతిలో ఉండగా సబ్బు మాటే లేదు. ఆ ఒక్క చోట నేను వెతకనే లేదు అత్తయ్యా."

గాజమ్మ చేతిలో సీసా ఉంది. అది జారిపోకుండా రెండో చెయ్యి కూడా వేసింది.

కోడలు లేచింది. "వెళ్లి రాసేస్తాను," అంది. మెట్లెక్కి పోయింది.

*

గోడ మీద ఆ నియమం ఇరవై రెండేళ్లుగా ఉంది. మెడకి నీలం పట్టీ ఉన్నవి ప్రోటీన్లు పోసే సీసాలు, వాటికి సబ్బు తగలకూడదు. వేడినీళ్లు, ఆ తర్వాత మూడుసార్లు శుద్ధి నీళ్లు, అంతే. తగిలించినవాళ్లకి ఈ గదిలో పని ఉండదు. ఆ మాట కిందే ఎర్రగీత.

ఇరవై రెండేళ్లూ గాజమ్మ ఆ గీత దాటలేదు. నెల క్రితం దాటింది.

ఆ రోజు బయటివాళ్లెవరో వచ్చారు. కోడలు తన బల్ల చూపిస్తోంది. వాళ్లలో ఒకాయన నీలం పట్టీ సీసాను వెలుతురుకి ఎత్తి, "మసకగా ఉందే, ఎన్నేళ్లదమ్మా ఇది?" అన్నాడు. అంతే అన్నాడు. గుమ్మం దగ్గర బుట్టతో నిలబడ్డ గాజమ్మకి మాత్రం ఆ మాట కోడలి మొహాన కొట్టినట్టు తగిలింది. తన చేతి కింద సీసా మసకగా ఉండటమా, అదీ కోడలి బల్ల మీద!

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక, కోడలి సీసాలు పన్నెండూ ఏరి, సబ్బునీళ్లలో నానబెట్టి, కుంచెతో తోమింది. వెలుతురు అటునుంచి ఇటు దూకేలా తోమింది. సబ్బు పోవాలని మూడుసార్లు కాదు, ఆరుసార్లు కడిగింది. ఆరుసార్లు కడిగాక ఇంకేం మిగులుతుంది అనుకుంది. మర్నాడు ఆ మెరుపు చూసి కోడలు "అబ్బ, కొత్తవి తెచ్చారా అత్తయ్యా!" అంటే ముసిముసిగా నవ్వుకుంది. అప్పటి నుంచి ప్రతిసారీ అలాగే తోముతోంది.

గాజమ్మ తలుపు దగ్గరికి వేసింది. బీరువాలోంచి నీలం పట్టీ సీసా ఒకటి తీసింది. కడిగి ఆరబెట్టి దాచిన సీసా. దాన్లో గుక్కెడు శుద్ధి నీళ్లు పోసి, మూత బిగించి, ఊపింది.

సబ్బు ఉందో లేదో కన్ను చెప్పదు, ముక్కు చెప్పదు. నీళ్లు చెప్తాయి. మంచి సీసాలో బుడగలు పుట్టిన చోటే చిట్లిపోతాయి. ఇది చదువుకున్నవాళ్లు నేర్పింది కాదు, తొట్టి నేర్పింది.

బుడగలు చిట్లలేదు. మెడ చుట్టూ సన్నటి తెల్లటి వలయం కట్టి నిలబడ్డాయి. ఆమె ఇరవై దాకా లెక్కపెట్టింది. యాభై దాకా లెక్కపెట్టింది. నురగ అలాగే ఉంది. పాత సీసాల లోపలి గీతల్లో దూరిన సబ్బు, ఆరుసార్లు కడిగినా దిగలేదు.

రెండోది ఊపింది. మూడోది ఊపింది. పన్నెండూ ఊపి వరసగా పెట్టింది. పన్నెండు మెడల్లోనూ పన్నెండు తెల్లటి వలయాలు.

గాజమ్మ ఇందాక కోడలు కూర్చున్న పీట మీద కూలబడింది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కోడలు కొడుకుతో కొత్త ఊరు పోతుంది. కొడుకు సంతోషిస్తాడు. తనకి ఈ తొట్టి మిగులుతుంది. తడి చేతుల్ని ఒళ్లో పెట్టుకుని కాసేపు ఆ మాట ఆలోచించింది. ఆలోచించినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

*

"అమ్మాయ్, ఒకసారి కిందికి రా."

"రాస్తున్నాను అత్తయ్యా."

"రాయడం ఆపి రా."

కోడలు వచ్చింది. గాజమ్మ మాటల్తో చెప్పలేదు. సీసా అందుకుని, ఆమె కళ్ల ముందు ఊపి, బల్ల మీద పెట్టింది.

కోడలు వంగి చూసింది. ఇంకా వంగింది. నురగ వంక చూసి, అత్త వంక చూసి, మళ్లీ నురగ వంక చూసింది.

"సబ్బు?" అంది మెల్లగా.

"మసకగా ఉందన్నారు కదా ఆ రోజు. నీకు తలవంపులని..." గాజమ్మ తొట్టిలోని కుంచె చూపించింది. "నెలరోజులుగా తోముతున్నాను. నీ ఇల్లాల్ని చంపింది ఎవరో కాదు, నేనే. నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు."

కోడలు తిట్టలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుంది గాజమ్మ. చెయ్యి తీస్తే నవ్వు.

"నా చేతికి ఏం కాలేదు అత్తయ్యా! నా తయారీలో ఏ లోపమూ లేదు! మంచిదే వచ్చింది, రెండుసార్లూ మంచిదే వచ్చింది, వచ్చాక సబ్బు విడదీసింది!" అత్త తడి చేతులు రెండూ పట్టేసుకుంది. "ఫ్రీజర్లో ఇంకో ముద్ద ఉంది. ప్రోటీను వండిపెట్టిన బ్యాక్టీరియా ముద్ద. ఇప్పుడు మొదలుపెడితే శుక్రవారం పొద్దుటికి తేలిపోతుంది. కొత్త సీసాలు కావాలి. సబ్బు మొహం చూడనివి."

"అటక మీద అట్టపెట్టెలో ఉన్నాయి. పదేళ్లుగా దాచాను."

"చూశారా, డబ్బా అడుగు ముందు మీకే తెలుస్తుంది!" అని రెండడుగులు వేసి ఆగింది. "కోటు! కోటు ఇంట్లో ఉండిపోయింది."

గాజమ్మ కొడుక్కి ఫోను చేసింది. "ఒరేయ్, పెట్టెలో అడుగున కోటుంది. పట్టుకురా."

అవతల ఎక్కడో లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు వచ్చింది.

"అంటే ఇల్లాలు బతికిందా?" అన్నాడు చివరికి. ఎలుక అనలేదు.

"బతుకుతుంది."

"తెస్తానులే," అన్నాడు. పెట్టేశాడు.

*

అతను కోటు తెచ్చాడు. మడత నలగకుండా రెండు చేతుల మీద పెట్టుకుని తెచ్చి, పెళ్లానికి ఇచ్చి వెళ్లిపోయాడు. జేబులోంచి ఆ కాగితం కొస కనపడుతూనే ఉంది.

కోడలు కోటు తొడుక్కుని పుస్తకం తెరిచింది. తేదీ వేసింది. రెండు తయారీలూ ఎందుకు పాడయ్యాయి అన్న చోట 'కారణం' అని రాసి, పక్కన కలం ఆపింది. ఆపి, పేజీ తిప్పేసింది.

గాజమ్మ చూసింది.

"అదేంటి, రాయలేదే?"

"తర్వాత రాస్తాను."

"తర్వాత రాయవు. నాకు తెలుసు."

"రాస్తే మీకు పని ఉండదు అత్తయ్యా. గోడ మీద ఉంది కదా! సీసాలు మార్చానని రాస్తాను. అది అబద్ధం కాదు."

"నిజమూ కాదు."

"ఇరవై రెండేళ్ల పని మీది!"

"నా పని మాట నేను చూసుకుంటాను. రేపు ఎవరో ఈ పుస్తకం చూసి ఇదే పని చేస్తారు. వాళ్లని గోతిలో దింపుతావా?"

"నా మాటలు నాకే చెప్పకండి!" కోడలు మొదటిసారి అత్త మీద గొంతెత్తింది. ఎత్తి, తనే బిత్తరపోయి, కలం పుస్తకంలో పెట్టి మూసేసింది. "మీ గురించి నేను రాయను. అంతే." కొత్త సీసాల పెట్టె ఎత్తుకుని చలిగదిలోకి వెళ్లిపోయింది.

గాజమ్మ ఆ మూసిన పుస్తకం వైపు చూస్తూ నిలబడింది. మూడేళ్లలో ఆ పుస్తకంలో ఖాళీ లేదు. తన కోసం ఒక ఖాళీ వచ్చింది. అటకెక్కి దిగినందుకు మోకాళ్లు నొప్పి పుడుతున్నాయి. ఆ నొప్పి దీనిముందు ఏపాటిది?

నీలం పట్టీ సీసా ఒకటి కొంగులో పెట్టుకుంది. మెట్లెక్కి పెద్ద మేడం తలుపు తట్టింది.

"రండి గాజమ్మా. కూర్చోండి."

"నిలబడే చెప్తాను మేడం. కారణం దొరికింది." సీసా ఊపి బల్ల మీద పెట్టింది. "కారణంలో సగం ఇది. మిగతా సగం మీ ఎదురుగా నిలబడి ఉంది."

పెద్ద మేడం కళ్లజోడు సవరించుకుంది. నురగ వంక చూసింది. గోడ మీది నియమం రాయించింది ఆమే.

"ఎన్నాళ్లుగా?"

"నెల. కోడలికి దీనితో సంబంధం లేదు."

తలుపు దగ్గర అడుగుల చప్పుడయింది. తెల్లకోటు, చలికి ఎర్రబడ్డ వేళ్లు, రొప్పుతున్న కోడలు. అత్త బల్ల దగ్గర లేకపోవడం చూసి పరుగెత్తుకొచ్చింది. చంకలో పుస్తకం ఉంది.

పెద్ద మేడం చెయ్యి చాపింది. "ఇటివ్వమ్మా."

పేజీలు తిప్పింది. తేదీ దగ్గర ఆగింది. 'కారణం' అన్న మాట పక్కనున్న ఖాళీ మీద వేలు పెట్టింది.

"నీ పుస్తకంలో ఖాళీ నేనెప్పుడూ చూడలేదు," అంది. గొంతులో కోపం లేదు. అంతకంటే బరువైనదేదో ఉంది. "ఇది నువ్వు వదిలేసరికి నీకు ఈ సబ్బు సంగతి తెలుసా, తెలియదా?"

గాజమ్మ నోరు తెరవబోయింది. పెద్ద మేడం చెయ్యెత్తి ఆపింది.

"మీరు చెప్పారు గాజమ్మా. ఇప్పుడు తను చెప్పాలి."

కోడలు అత్త వంక చూసి, ఆ ఖాళీ దగ్గర రాయడానికి కలం అందుకుంది. బల్ల మీద, సీసా మెడ చుట్టూ, నురగ ఇంకా దిగలేదు.